ఒక్క భుజం మీది కావడి

అమ్మకు జబ్బు చేస్తే పిల్లలు చూసుకోవడం ధర్మమా, అన్యాయమా? మన ఇళ్లలో ఈ ప్రశ్న అడగడమే తప్పుగా తోస్తుంది. "తల్లికి చెయ్యక ఇంకెవరికి చేస్తారు?" అంటాం. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ చేసే పిల్లకి పన్నెండేళ్లే అయితే, మర్నాడు లెక్కల పరీక్ష ఉంటే, ఆ నిజం ఒక్కటే సరిపోతుందా?

ఇలాంటి పిల్లలకు బ్రిటన్‌లో 'యంగ్ కేరర్' అని ఒక పేరుంది. 2021 జనాభా లెక్కల్లో, ఒక్క ఇంగ్లండ్‌లోనే, అయిదు నుంచి పదిహేడేళ్ల వాళ్లు సుమారు 1,20,000 మంది తేలారు. 2023లో మొదటిసారి బడుల లెక్కల్లో ఈ వివరం అడిగితే దాదాపు 39,000 మందే కనబడ్డారు. మిగతావాళ్లలో చాలామంది "ఆలస్యంగా వచ్చింది", "హోంవర్క్ చెయ్యలేదు" అన్న గళ్లలో ఉండి ఉంటారు.

ఇక్కడి ఒక తెలుగు ఇల్లు అనుకుందాం. తల్లికి మల్టిపుల్ స్క్లెరోసిస్. తండ్రికి గిడ్డంగిలో రాత్రి షిఫ్టు. అమ్మమ్మ వచ్చినా సందర్శకుల వీసా మీద ఆరు నెలలే. పెద్దపిల్ల తల్లికి మాత్రలిచ్చి, తమ్ముడికి చొక్కా తొడిగి, బస్సు పట్టుకుంటుంది. చేతుల పని ఇంటి దగ్గర ఆగుతుంది గాని, కాపలా బడికి కూడా వెంట వస్తుంది. 'అమ్మ బాత్‌రూమ్‌లో పడిపోలేదు కదా' అనుకుంటూ కూర్చున్న పిల్లకి బల్ల మీది పుస్తకంలో అక్షరాలు కనిపిస్తాయే తప్ప బుర్రకెక్కవు.

చూడ్డానికి వచ్చినవాళ్లం "బంగారు తల్లి" అంటాం. మెచ్చుకోవడం తప్పు కాదు. అయితే ఒకసారి బంగారం అనిపించుకున్నాక "నా వల్ల కావడం లేదు" అనడానికి ఆ పిల్లకి నోరు రాదు. "ఇష్టంగానే చేస్తోందండీ" అని పెద్దవాళ్లు సర్ది చెబుతారు. కాదనే వీలున్న చోటే కదా ఇష్టం అనే మాటకి అర్థం! ఇది పరాయిదేశపు సమస్యే అనుకోనక్కర్లేదు. చెల్లెల్ని చంకనేసుకుని బడి మానేసిన అక్కలు మన ఊళ్లలోనూ ఉన్నారు. వాళ్లనీ ఇలాగే మెచ్చుకున్నాం.

"కన్నకూతురికి కేరర్ అని పేరు పెడితే ప్రేమని ఉద్యోగం చేసినట్టు కాదూ?" అని అడిగే పెద్దలున్నారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఈ పేరుకి జీతం లేదు. పదహారేళ్లు నిండనివాళ్లకు కేరర్స్ అలవెన్స్ రాదు. పేరు వల్ల ఒరిగేది ఇంకోటి: టీచరుకి సంగతి తెలుస్తుంది, గడువు పెంచగలదు, మధ్యాహ్నం ఇంటికో ఫోన్ చేసుకోనివ్వగలదు. 2014లో వచ్చిన చట్టం ప్రకారం ఇంగ్లండ్‌లో స్థానిక కౌన్సిల్ ఆ పిల్ల అవసరాలేమిటో అంచనా వెయ్యాలి. ఆ వయసుకి తగని పని మీద పడుతోందా అనీ చూడాలి. "చెబితే పిల్లల్ని తీసుకుపోతారేమో" అన్న భయం చాలా ఇళ్లలో ఉంది. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేం. కానీ ఆ గుట్టు మొయ్యమని పిల్లకి అప్పగిస్తే, ఉన్న బరువు మీద ఇంకో బరువు పెట్టినట్టే.

నా మటుకు నాకు తోచేది ఇది. సేవ పిల్లలు చెయ్యొచ్చు, చెయ్యాలి కూడా. అమ్మ తల దువ్వడం, మంచినీళ్లివ్వడం, పక్కన కూర్చోవడం ఏ బడీ నేర్పని చదువు. ఆ సేవ ఆగకుండా జరిగే బాధ్యత మాత్రం పెద్దలది. పిల్ల ఒక పూట రాకపోతే తల్లికి మందు పడని ఇంట్లో, ఆ బాధ్యతని పెద్దవాళ్లు పిల్ల మీదికి నెట్టేసినట్టు లెక్క.

ఇలాంటప్పుడు మనకు గుర్తొచ్చేది శ్రవణకుమారుడే. అతని భక్తిని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. కథ చివర జరిగిందాన్ని మాత్రం అంతగా తలుచుకోం. దశరథుడి బాణం తగిలింది ఒక్కడికే, పోయినవి మూడు ప్రాణాలు. కావడి మార్చుకునే ఇంకో భుజం ఆ అడవిలో లేదు.

మనం ఉంటున్నది అడవి కాదు. ఈసారి ఆ ఇంటికి పప్పుచారు క్యారేజీ పట్టుకెళ్లినప్పుడు "ఎంత మంచిపిల్లవమ్మా" అనే ముందు "నీ పరీక్షలెప్పుడు? ఆ సాయంత్రాలు అమ్మ దగ్గర నేనుంటాను" అని అడగొచ్చు.