ఊరి పనికి కర్త ఎవరు?

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు మార్గంలోనే భట్టిప్రోలు ఉంది. అక్కడి స్తూపాన్ని 1892లో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ తవ్వించినప్పుడు బుద్ధుని ధాతువులున్న రాతి భరిణెలు బయటపడ్డాయి. వాటి మీది బ్రాహ్మీ శాసనాలు క్రీస్తుపూర్వం మూడు, రెండు శతాబ్దాల నాటివని పండితుల అంచనా. ఆ శాసనాల్లో కుబీరకుడనే రాజు ప్రస్తావన ఉంది. అయితే ఎక్కువ చోటు దక్కింది రాజుకు కాదు. ఒక నిగమంలోని సభ్యుల పేర్లు, ఒక గోష్ఠిలోని సభ్యుల పేర్లు వరసగా చెక్కి ఉన్నాయి. పదిమంది ఒక సంఘంగా కూడి, తమ సొమ్ముతో పని చేయించి, ఎవరెవరు చేరారో రాతి మీద రాయించుకున్నారు. ఆ పని పుణ్యం ఎవరిదన్న ప్రశ్నకు జవాబు రాతి మీదే ఉంది.

ఇవాళ అదే గడ్డ మీద సంఘం పేరు పురపాలక సంఘం. తెనాలిలో సైడు కాలువ, బాపట్లలో సీసీ రోడ్డు, రేపల్లెలో మంచినీటి పైపు, ఏది వేసినా డబ్బు ఒకరిది, తీర్మానం మరొకరిది, కొలత ఇంకొకరిది, చేత వేరొకరిది. అలాంటప్పుడు కర్త ఎవరు? పని నిలిచి నలుగురికీ పనికొస్తే ఆ ఫలం ఎవరిది? మొదటి వానకే రోడ్డు లేచిపోతే ఆ దోషం ఎవరిది?

యజ్ఞాది కర్మలను ఇష్టమనీ, బావులు, చెరువులు, తోటలు, సత్రాలు కట్టించడాన్ని పూర్తమనీ ధర్మశాస్త్రాలు విభజించాయి. తెలుగువారి సప్తసంతానాల్లోనూ తటాకం, వనం, దేవాలయం కన్నకొడుకు పక్కనే నిలిచాయి. తోటలు నాటేవారికి, వంతెనలు కట్టేవారికి, బావులు తవ్వించేవారికి పుణ్యం రాత్రింబవళ్లు పెరుగుతూ ఉంటుందని బౌద్ధ నికాయాలూ చెబుతాయి. ఈ రెండు సంప్రదాయాల లెక్కా ఒక షరతు మీద నడుస్తుంది. ఇచ్చేవాడు తన సొంతాన్ని, తన ఇష్టంతో ఇవ్వాలి.

పురపాలక సంఘం సొమ్ము ఆ షరతుకు లొంగదు. దాని ఖజానాకు ఇంటి పన్ను, ఖాళీ స్థలం పన్ను, నీటి చార్జీలు, భవన నిర్మాణ అనుమతుల ఫీజులు వస్తాయి. రాష్ట్ర ప్రభుత్వ నిధులు, కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లు వీటికి తోడు. 15వ ఆర్థిక సంఘం ఇలాంటి పట్టణాలకిచ్చిన గ్రాంటులో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలని కట్టడి చేసింది. రాజ్యాంగ 74వ సవరణ 1993లో అమల్లోకి వచ్చాక రోడ్లు, నీరు, పారిశుద్ధ్యం, వీధి దీపాలు, శ్మశానాలు పన్నెండో షెడ్యూలుకెక్కాయి. అంటే ఇవి దాతల దయ మీద ఆధారపడినవి కావు, సంఘం మీద పడిన విధులు.

కనుక పన్ను దానం కాదు. దాన్ని ఋణమనడం సబబు. శతపథ బ్రాహ్మణం దేవ, ఋషి, పితృ ఋణాలతో పాటు మనిషి సాటి మనుషులకు పడే ఋణాన్ని కూడా లెక్కించింది. కౌటిల్యుడు మరింత ముక్కుసూటిగా మాట్లాడాడు. ఊరంతా కలిసి నీటి కట్ట కట్టుకునేటప్పుడు దూరంగా నిలిచినవాడి పనివాళ్లను, ఎద్దులను పనికి తేవాలన్నాడు, ఖర్చులో వాటా వేసి ఫలంలో వాటా ఇవ్వొద్దన్నాడు. ఈ దృష్టితో చూస్తే ప్రారంభోత్సవ శిలాఫలకాల మీద నాయకుల పేర్లు చెక్కించడం తప్పుడు లెక్కే. ఋణం తీర్చిన సొమ్ముతో దాతృత్వం ప్రకటించుకునే హక్కు ఎవరికీ లేదు. భట్టిప్రోలు గోష్ఠికి ఆ హక్కు ఉంది, ఎందుకంటే ఆ సొమ్ము వారిది.

దోషం సంగతి ఇంతకన్నా చిక్కైనది. వార్డులో కాలువ కావాలంటే ఇంజనీరింగ్ విభాగం ప్రామాణిక ధరల పట్టిక ప్రకారం ఎస్టిమేట్ వేస్తుంది. అది అజెండాలోకి ఎక్కి కౌన్సిల్ ఆమోదం పొందుతుంది. పాలకవర్గం లేని కాలంలో ఆ స్థానం ప్రత్యేకాధికారిది. పరిపాలనా అనుమతి, సాంకేతిక మంజూరు వచ్చాక టెండరు పిలుస్తారు. కాంట్రాక్టరు ధరావతు కట్టి ఈ-ప్రొక్యూర్‌మెంట్‌లో ధర కోట్ చేస్తాడు, తక్కువకు కోట్ చేసినవాడికి పని దక్కుతుంది. చిన్న పనుల్ని నామినేషన్ మీద ఇచ్చే పద్ధతీ ఉంది. పని సాగేకొద్దీ అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) కొలతలు తీసి కొలతల పుస్తకంలో, అంటే ఎం.బుక్‌లో రాస్తాడు, పై అధికారి సరిచూస్తాడు, ఆ పుస్తకం ఆధారంగా బిల్లు పాసవుతుంది.

ఇన్ని సంతకాల మధ్య తప్పు ఏ ఒక్కరికీ అంటకుండా జారిపోతుంది. పాలనలో ఈ ఇబ్బందిని అమెరికా రాజనీతి శాస్త్రవేత్త డెనిస్ థాంప్సన్ 1980లో అనేక హస్తాల సమస్య అన్నాడు. మన సంప్రదాయంలో దీనికి సిద్ధంగా ఒక సమాధానం ఉంది. చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, ఆమోదించినవాడు పుణ్యంలోనైనా పాపంలోనైనా సమాన భాగస్వాములని అది చెబుతుంది. ఊరి పనికి దీన్ని అన్వయిస్తే కాంట్రాక్టరు కర్త, సంఘం కారయిత, ఫలానావాడికే పని ఇవ్వమని ఫోను చేసినవాడు ప్రేరకుడు, అజెండా చదవకుండా చెయ్యెత్తిన సభ్యుడు అనుమోదకుడు. నలుగురు పంచుకున్నంత మాత్రాన భారం పావు వంతు కాదని ఈ సూత్రం సారం.

అయితే సమానత్వాన్ని గుడ్డిగా పట్టుకుంటే అన్యాయం జరుగుతుంది. సిమెంటు పాళ్లు తగ్గించమని మేస్త్రీకి చెప్పినవాడు, కూలి పోతుందన్న భయంతో తగ్గించిన మేస్త్రీ ఒకటి కారు. కర్మ అంటే చేతనే, అంటే సంకల్పమే అన్న బౌద్ధుల మాట ఇక్కడ అవసరం. ఎవరు ఎంత తెలిసి, ఎంత స్వేచ్ఛతో చేశారన్నదాన్ని బట్టి దోషం బరువు మారుతుంది. ఆ లెక్కన ఎం.బుక్‌లో సంతకం చేసినవాడి భాగం అందరికన్నా పెద్దది. ఆరంగుళాల మందం నాలుగంగుళాలే ఉందని కళ్లారా చూసి ఆరని రాసినవాడికి తెలియదనే సాకు లేదు.

తక్కువ ధర నియమం కూడా పరీక్షకు నిలవాల్సిందే. సంఘం సొమ్ము కాపాడాలన్న ధర్మబుద్ధే దానికి మూలం. కానీ కాంట్రాక్టర్లు అంచనా కన్నా బాగా తక్కువకు, అంటే లెస్‌కు వేసి పని పట్టుకున్నప్పుడు ఆ లోటు ఎక్కడో పూడ్చుకోవాలి. అందుకే 2003 నాటి టెండరు సంస్కరణలు అంచనా కన్నా 25 శాతం దిగువకు వెళ్లినవారి నుంచి ఆ తేడాకు బ్యాంకు గ్యారంటీ తీసుకోమన్నాయి. వచ్చిన తక్కువ ధరను ఇంకా తగ్గించేందుకు మళ్లీ పోటీ పెట్టే రివర్స్ టెండరింగ్‌ను రాష్ట్రం 2019లో తెచ్చింది, 2024లో రద్దు చేసింది. చేయడం సాధ్యం కాని ధర అని తెలిసి ఒప్పుకున్న సంఘం నాసిరకం పనిని కూడా ఒప్పుకున్నట్టే.

కర్త, కారయిత, ప్రేరకుడు, అనుమోదకుడు అనే ఆ నలుగురిలో పౌరుడు ఎక్కడున్నాడన్నది చివరి ప్రశ్న. ప్రజల పుణ్యపాపాల్లో ఆరో వంతు రాజుదని మనుస్మృతి లెక్క. రాజు లేని వ్యవస్థలో, ఓటు వేసి సంఘాన్ని ఏర్పరచినవాడే పాలకుడైన చోట, ఆ వాటా పౌరుడి వైపు తిరుగుతుంది. తెలుసుకునే దారి లేనివాడి మౌనాన్ని ఆమోదమనడం అన్యాయం. కానీ ఆ దారి 2005 నుంచి ఉంది. ఫైళ్లనే కాదు, జరుగుతున్న పనిని స్వయంగా తనిఖీ చేయడానికి, వాడిన సామగ్రి నుంచి ధ్రువీకరించిన నమూనా తీసుకోవడానికి సమాచార హక్కు చట్టం హక్కు ఇచ్చింది. తెనాలిలోనైనా రేపల్లెలోనైనా, ఇంటి ముందు పోస్తున్న కాంక్రీటు నమూనా అడిగే వీలుండి అడగని ఇంటి యజమాని అనుమోదకుల వరసలోకే వస్తాడు.