దుంప ఋణము

తద్దినపు వంటలో బంగాళాదుంపకు చోటు లేదు. మన యిండ్లలో పెక్కింట నేటికిని చెల్లుచున్న ఆచారమిది. పరదేశపు పంట గనుక పితరులకు పనికిరాదని పెద్దలు చెప్పుదురు. అదే దుంప మరునాటి వేపుడులో నిస్సంకోచముగ ప్రవేశించును. ఆచారమును పరిహసించుట మా యుద్దేశము కాదు. పితృఋణమును దీర్చు దినమున మనము వెలియుంచు ఈ దుంపకును పితరులు గలరనియు, వారియెడ మనము ఋణగ్రస్తులమనియు, లోకమున వేడిమి హెచ్చినకొలది ఆ ఋణమును హెచ్చుచున్నదనియు చెప్పవలసియున్నది.

పేరులో బంగాళమున్నను దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములు. అచ్చటి కర్షకులు వేలయేండ్లుగ పెంచి కాపాడిన రకములు నాలుగువేలకు మించియున్నవి. చల్లని రాత్రులకు అలవడిన మొక్క యగుటచేత దీనికి వేడిమి గిట్టదు. రాత్రి ఉష్ణము 20 డిగ్రీలు దాటినకొలది గడ్డ కట్టుట తగ్గును. మొక్క చావదు, పైపెచ్చు ఏపుగా పెరుగును. గడ్డ కట్టుమని ఆకునుండి క్రిందికి పోవలసిన సంకేతము వేడిమిచే సన్నగిల్లును. పగలు కూడిన చక్కెరలో హెచ్చు పాలు రాత్రి శ్వాసక్రియకే వ్యయమగును. పైన పచ్చదనము, క్రింద శూన్యము. మేమెరిగిన సంఘములు కొన్ని ఇట్టివే.

ఈ చిక్కును దీర్ప మన దేశమున జరిగిన కృషి శ్లాఘనీయము. కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ 1949లో పాట్నాలో నెలకొని 1956లో సిమ్లాకు తరలెను. సంకరమునకు పూలు కావలెను. మైదానములందలి శీతకాలపు కురుచ పగళ్లలో ఈ మొక్క సరిగా పూయదు. కొండలమీద వేసవి దీర్ఘదినములలో పూయును. ఒక పూవు పుప్పొడిని వేరొకదాని కీలాగ్రమున అద్ది, ఆ కాయలోని గింజలను మొలిపించినచో ఒక్కొక్క గింజ ఒక్కొక్క తీరు మొక్క యగును. వేలకొలది మొక్కలను ఏటేట పరీక్షించి ఏరివేయగా, పదిపండ్రెండేండ్లకు ఒక్కటి నిలుచును. అట్లు నిలిచినదే 2006లో విడుదలయిన ‘కుఫ్రీ సూర్య’. ఇతర రకములు వెనుకాడు వెచ్చని రాత్రులలోను ఇది గడ్డ కట్టును. అంతటి ఓర్పునకు వేతనమును గౌరవమును చెల్లవలసినదే.

అయితే ఈ సూర్యుని తల్లిదండ్రు లెవరు? ఒకటి ‘కుఫ్రీ లవ్‌కర్’, మన సంస్థవారిదే. మరాఠీలో ఆ మాటకు ‘త్వరగా’ అని యర్థము. రెండవది ‘ఎల్‌టీ-1’, పెరూ దేశపు లిమా నగరమున 1971లో స్థాపితమైన అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రమునుండి వచ్చినది. శాస్త్రజ్ఞుడు గుణములను సృజింపలేదు. పరులు దాచిన నిధిలోనుండి ఏరి కూర్చెను.

కంద, చేమ, పెండలము మనకుండగా మన యెండకు పడని పంటకై ఇంత ప్రయాస యేల యని స్వదేశాభిమాను లడుగవచ్చును. ఆ మాటలో కొంత బలము లేకపోలేదు. కాని మిరపయు, వేరుసెనగయు, చిలగడదుంపయు అమెరికా ఖండమునుండి వచ్చినవే. మిరపకాయ నెల్లలు దాటించి ఆవకాయ పెట్టగల ధీరులు ముందునకు రావలెను.

అసలు చిక్కు వేరొకచోట నున్నది. కొత్త రకము ఎవరి సొత్తు? మన 2001 చట్టము ప్రకారము రైతు తన పంటలోని విత్తనమును దాచుకొనవచ్చును, విత్తవచ్చును, ఇచ్చిపుచ్చుకొనవచ్చును, వ్యాపారముద్ర వేయక అమ్మవచ్చును. అయినను 2019లో పెప్సీకో సంస్థ తాను నమోదు చేయించుకొన్న చిప్సు దుంపను పండించిరని గుజరాతు రైతులపై వ్యాజ్యములు వేసి, నిరసన చెలరేగగా ఉపసంహరించుకొనెను. ఆ నమోదు 2021లో రద్దయ్యెను. 2024లో ఢిల్లీ హైకోర్టు దానిని తిరిగి నిలిపెను. న్యాయస్థానము కాగితముల చెల్లుబాటును విచారించును. పదేండ్లు శ్రమించినవానికి హక్కుండి, వేలయేండ్లు శ్రమించినవారికి లేకపోవుట ధర్మమా యని విచారించుట మన పని.

ఆ వేలయేండ్లవారి సంతతి నేడును గలదు. పెరూలోని కుస్కో సీమలో పిసాక్ చెంత కెచువా పల్లెలు కొన్ని కలసి తమ నేలను దుంపల ఉద్యానముగ కాపాడుకొనుచున్నవి. తాము పూర్వము లిమా కేంద్రమున కిచ్చి, తరువాత తమ పొలములలో అంతరించిన రకములను తిరిగి రప్పించుకొనుటకు 2004లో ఒడంబడిక చేసికొన్నవి. వేడిమి హెచ్చుటచే వారు దుంపను నానాటికి కొండ పైభాగమున నాటవలసి వచ్చుచున్నది. కొండకు శిఖరము గలదు. ఆపైన నేల లేదు. ఈ వేడిమిని రాజేసినవారిలో వారి పాలు అత్యల్పము. వారి పొలములోని రకము నశించినచో, రేపు మన సూర్యునికంటె ఓర్పుగల దుంపను కూర్పదలచినవాడు దేనిని సంకరము చేయును? శీతలాగారమున దాచిన మొక్క బ్రతికియుండును గాని, మారుచున్న వాతావరణముతో పెనగి మారుట పొలములో నున్నదానికే సాధ్యము.

2001లో కుదిరి 2004లో అమలునకు వచ్చిన అంతర్జాతీయ సస్యవారసత్వ సంధిలో ఒక లాభపంపక నిధి కలదు. సంధి క్రింద తీసికొన్న సామగ్రితో చేసిన రకమును ఇతరుల పరిశోధనకు అందకుండ మూసినవారు దానికి సొమ్ము చెల్లింపవలెను. తెరచి యుంచినవారు ఇష్టమైన నీయవచ్చును, లేకున్న మానవచ్చును. ఋణమును ఉత్తమర్ణుని అక్కరనుబట్టి గాక అధమర్ణుని ఇష్టమునుబట్టి తీర్చు పద్ధతి ఏ స్మృతికారుడును చెప్పియుండడు.

ఎవరు తీర్పవలెను? జహీరాబాదు ప్రాంతపు రైతు మాత్రము కాదు. వెచ్చని నేలలో పేనుబంక వలన తెగుళ్లు దుంపనంటి విత్తనము చెడును గనుక, ఎకరమునకు ఎనిమిదిపది క్వింటాళ్ల గడ్డను ఉత్తరదేశమునుండి కొని తెచ్చుకొనుటకే అతని పెట్టుబడిలో పెద్ద భాగము పోవుచున్నది. సిమ్లా సంస్థ తన రకములను కంపెనీలకు రుసుము పుచ్చుకొని అనుమతించుచున్నది. ఆ రుసుములో ఒక వంతును, చిప్సు పొట్లముల ఆదాయములో ఒక పైసాను ఆ నిధికి విధిగా చేర్చుట అసాధ్యమని మాకు తోచదు. పొట్లము ధర అందుచే పెరుగునని వర్తకులు వాదింతురేమో. పెరిగినచో పెరుగనిండు, కొనువారము మనమే.