గోడ మీద యాభై

కారంపూడిలో నాగులేటి వైపు పోయే దారిలో ఒక కారం మర ఉండేది. మిరప కళ్లాలు ఎత్తే రోజుల్లో దానికి ఊపిరి సలిపేది కాదు. ఏడాదికి సరిపడా కారం పట్టించుకోవడానికి ఆడవాళ్లు తొడిమలు తీసి ఎండబెట్టిన కాయలు మూటగట్టుకుని వచ్చి వరసలో కూర్చునేవాళ్లు.

మరను నడిపేది ఒక ముసలి మేస్త్రీ. వేగం చూసే మీటరు ఆయన దగ్గర లేదు. మోటారుకి నాలుగంగుళాల పుల్లీ, మరకి పన్నెండంగుళాల పుల్లీ, రెంటినీ కలుపుతూ పాతికడుగుల బెల్టు. బెల్టు అతుకు మర పుల్లీ మీదికి వచ్చినప్పుడల్లా ‘టక్’మనేది. సెకనుకో టక్కు పడితే మరలో తిరిగే రాయి దారిలో ఉన్నట్టు. జోరెక్కితే రాయి వేడెక్కి కారం రంగు మారుతుంది. ఆ సంగతి ఆయన ముక్కుకి ముందే తెలిసిపోయేది.

రాయి అరిగిపోయి కొత్తది తెప్పించారు. యజమాని చిన్నకొడుకు ఇంజనీరింగు చదువుతున్నాడు. ముచ్చటపడి రాయి వేగం లెక్కగట్టి, గోడ మీద సుద్దముక్కతో ‘50’ అని రాసి, గుంటూరు మిర్చి యార్డుకి పనిమీద వెళ్లాడు.

మర్నాడు మేస్త్రీ అన్నానికి వెళ్లిన వేళ పొరుగూరి ఫిట్టరు వచ్చి గోడ చూశాడు. నిమిషానికి యాభై చుట్లయితే కాయ నలగదు. మోటారు పలక మీద చూస్తే అక్కడా 50 ఉంది. అది కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు పూర్తి చేస్తుందని చెప్పే అంకె. రాయి కూడా సెకనుకు యాభై చుట్లు తిరగాలి కాబోలు అనుకున్నాడు. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది. దానికి ఎనిమిదంగుళాల పుల్లీ, మరకి నాలుగంగుళాల పుల్లీ బిగిస్తే 2880, అంటే సెకనుకు 48. దగ్గర్లోనే ఉందిలే అని బిగించేశాడు. గుణకారంలో తప్పేమీ లేదు.

వరసలో ముందు కూర్చున్న పెద్దమ్మ అడిగింది: “యాభై ఏంటయ్యా?”

“వేగమమ్మా.”

“వేగం సరే, యాభై ఏంటి? కాయలు యాభై ఇస్తానంటే కిలోలా, టిక్కీలా అని అడగమా?”

ఫిట్టరు చెయ్యి స్విచ్చు దగ్గరే ఆగిపోయింది. అప్పుడే వచ్చిన మేస్త్రీ పుల్లీలు చూసి, మాట్లాడకుండా మెయిన్ ఆపేశాడు. వేగం ఆరింతలైతే రాయిని బయటికి చీల్చే బలం ముప్పై ఆరింతలవుతుంది. ఆ రాయి ముక్కలైతే ఎటు పడేవో! వరసలో పసిపిల్లల తల్లులున్నారు.

సాయంత్రం కుర్రాడు తిరిగొచ్చి విషయం విని వణికిపోయాడు.

“బాబాయ్, నా లెక్క తప్పా?”

“నీ యాభై ఏందో చెప్పు, అబ్బాయ్.”

కుర్రాడు దారం తెచ్చాడు. రాయి నడుమ నుంచి అంచు దాకా కొలిచి తుంచి, ఆ ముక్కను అంచు వెంబడి పరుస్తూ పోయాడు. ఆరు ముక్కలు పట్టి, ఇంకా కాస్త చోటు మిగిలింది. ఒక్క ముక్క పట్టినంత మలుపు ఒక రేడియన్. పూర్తి చుట్టుకు 6.28. రాయి సెకనుకు యాభై రేడియన్లు తిరగాలని అతని భావం.

మేస్త్రీ పాత పుల్లీలే బిగించి మర ఆడించాడు. గడియారం చూస్తూ లెక్కబెడితే నిమిషానికి అరవై టక్కులు. బెల్టు ఒక చుట్టు వస్తే రాయి ఎనిమిది చుట్లు తిరుగుతుంది. నిమిషానికి 480, సెకనుకు 8. ఎనిమిదిని 6.28తో గుణిస్తే దాదాపు యాభై! కుర్రాడు ఆ ముసలాయన కాళ్లకు దండం పెట్టాడు.

నీతి: అంకె చెప్పేవాడు కొలతా చెప్పాలి, వినేవాడు అడగాలి.

ఈ కథలో నాకు అందరికన్నా గొప్పగా కనిపించేది ఆ పెద్దమ్మ. రేడియన్ పేరు ఆమె వినలేదు, కానీ కొలత లేని అంకెను ఆమె నమ్మలేదు. ఆర్యభటుడు భూమి చుట్లు చెప్పినప్పుడు 43,20,000 ఏళ్ల యుగానికి 1,58,22,37,500 అని, ఎంతకాలానికో కూడా చెప్పాడు. అందుకే ఈనాటికీ మనం భాగించి, ఏడాదికి 366 పైచిలుకు అని తెలుసుకోగలం. వ్యాసం 20,000 అయితే చుట్టుకొలత సుమారు 62,832 అన్నదీ ఆయనే. వ్యాసంలో సగం పదివేలు. దానితో భాగిస్తే 6.2832. కుర్రాడి దారం చెప్పిన మాటే అది.

ఒక కొలతలో కనబడనిది ఇంకో కొలతలో కళ్లకు కడుతుంది. ట్రాక్టరు వెనక పనిముట్లను తిప్పే పీటీవో షాఫ్టు నిమిషానికి 540 చుట్లు అంటాం, రోజూ వినే అంకె కాబట్టి మనసుకి తగలదు. అరవైతో భాగించి చూడండి, సెకనుకు తొమ్మిది. మూడంగుళాల మందం షాఫ్టు తొమ్మిది చుట్లకు ఏడడుగుల గుడ్డను చుట్టేసుకుంటుంది. పల్నాటి పొలాల్లో తువ్వాలు భుజాన వేసుకుని ట్రాక్టరు దగ్గర వంగే ప్రతి మనిషికీ 540తో పాటు ఆ తొమ్మిదీ చెప్పాలి. అప్పుడు షాఫ్టు మీద తొడుగు ఉందో లేదో వంగి చూస్తాడు, ఇంజను ఆపిన తర్వాతే.