కంటికి కనిపించే పాట

మొన్న మావాడు మా అమ్మ పాడిన మంగళహారతి కేసెట్టుని కంప్యూటర్లోకి ఎక్కించి శుభ్రం చేస్తూ కూర్చున్నాడు. తెరమీద కొండలూ లోయలూ! ఎడమ కొసన 20 హెర్ట్జ్, కుడి కొసన 20,000. ఏ స్థాయిలో ధ్వని ఎంతుందో బొమ్మ కట్టి చూపిస్తుందట. 50 దగ్గర సూదిలా నిలబడ్డది కరెంటు రొద. కోసేశాడు, పీడా వదిలింది. పైన 12,000 దాటాక టేపు బుసబుస ఉందన్నాడు. నాకు వినపడితేగా! వయసు మీదపడితే ముందు తగ్గేది ఆ పై శబ్దాలే. మరి, బొమ్మని కాదు నా చెవిని నమ్మరా అని ఏ మొహంతో చెప్పను?

ఇంతలో 300 దగ్గరి గుట్ట చూపించి, "ఇక్కడ అమ్మమ్మ గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుందమ్మా, దించుతా" అన్నాడు. దించాడు. గుట్ట చదునైంది. పాట తేటగానే ఉంది, పాడుతున్నదే ఎవరో పొరుగింటావిడ! జాతకాలు కలిశాయని పిల్లని చూడకుండా ముహూర్తం పెట్టుకున్నట్టయింది.

"అది గుట్ట కాదురా, మా అమ్మ" అన్నాను.

వాడు తెర ఆర్పేసి, కళ్లు మూసుకుని, రెండు విధాలా మళ్లీ విన్నాడు. "పోనీ, సగం దించనా?" అని బేరం పెట్టాడు.

నేనింకా ఒప్పుకోలేదు.