గాలం పట్టిన చేతికి తొలి శీలం



ఉపాసకులారా, ఉపాసికలారా, ముఖ్యంగా పిల్లల తల్లిదండ్రులారా,

వేసవి సెలవులు వచ్చాయంటే మన వాడల్లో ఒక ప్రశ్న మళ్ళీ మొదలవుతుంది. పంచశీల తీసుకున్న ఇంటి పిల్లోడు గాలం పట్టుకుని చెరువుకు పోవచ్చా? పోతే ఎన్ని చేపలు పట్టొచ్చు? వినడానికి చిన్న ప్రశ్నే. కానీ పొద్దున వందనంలో ప్రాణహింస చేయనని చెప్పిన నోరే మధ్యాహ్నం చేపల పులుసు తింటుంది. పిల్లలు ఇది చూస్తారు, అడుగుతారు. మనం జవాబు చెప్పకపోతే వాళ్ళే ఒక జవాబు తయారు చేసుకుంటారు: "ధమ్మం అంటే ఆదివారం చెప్పుకునేది, మిగతా రోజులు మామూలే" అని. చెప్పేదొకటి, చేసేదొకటిగా ఉన్న మతాన్ని వదిలి వచ్చిన వాళ్ళం మనం. అదే జబ్బును మన ఇంట్లోకి రానివ్వకూడదు.

ఈ ప్రశ్నకు మనవాళ్ళు రెండు రకాల జవాబులు చెప్తుంటారు. కొందరు "బౌద్ధులం అయ్యాం కదా, ఇక చేప ముట్టనే కూడదు" అంటారు. జీవి మీద కరుణతో ఎవరైనా మాంసం, చేపలు మానేస్తే వాళ్ళకు నమస్కారం. కానీ ఈ మాట వెనక చాలాసార్లు ఉండేది కరుణ కాదు, మడి. ఏం తింటున్నాడో చూసి మనిషికి విలువ కట్టే పాత లెక్క అది. బాబాసాహెబ్ 1948లో అస్పృశ్యుల పుట్టుక మీద రాసిన పుస్తకంలో తిండిని అడ్డం పెట్టి మనుషుల్ని ఊరి బయటికి ఎట్లా నెట్టారో విప్పి చెప్పాడు. ఆ లెక్కను మనమే మళ్ళీ నెత్తికెత్తుకుంటే దీక్ష తీసుకున్న ఫలితం ఏముంది?

ఇంకొందరు "మా తాతలు పట్టారు, మేం పట్టాం, పిల్లలూ పడతారు, దీంట్లో ఆలోచించేది ఏముంది?" అంటారు. తాతలు చేశారు కాబట్టి చేస్తాం అనే మాటను బుద్ధుడు కాలాముల దగ్గరే పక్కన పెట్టాడు. పెద్దలు చెప్పారనీ, వాడుకలో ఉందనీ ఒప్పుకోవద్దు, మంచిదో చెడ్డదో మీరే పరీక్షించుకోండి అన్నాడు. చెరువు గట్టు దగ్గర కూడా అదే వర్తిస్తుంది.

బుద్ధుడు పిల్లల్ని ఏమడిగాడు?

చేపలు, పిల్లలు, బుద్ధుడు ముగ్గురూ ఒకేచోట కనిపించే సందర్భం పాళీలో ఉంది. ఉదానం అనే గ్రంథంలోది. శ్రావస్తికీ జేతవనానికీ మధ్య దారిలో కొందరు పిల్లలు చేపల్ని పట్టి బాధపెడుతున్నారు. భిక్షకు బయల్దేరిన బుద్ధుడు అది చూశాడు. చూసీ చూడనట్టు పోలేదు. వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. మీకు నొప్పి అంటే భయమేనా, నొప్పి మీకు ఇష్టం లేదా అని అడిగాడు. అవును, భయమే, ఇష్టం లేదు అన్నారు పిల్లలు. అట్లయితే నలుగురిలోనైనా, చాటుగానైనా చెడ్డ పని చేయకండి, చేస్తే దాని ఫలితం నుంచి పారిపోలేరు అని చెప్పాడు.

ఇందులో తల్లిదండ్రులకు పెద్ద పాఠం ఉంది. ఆయన కర్ర ఎత్తలేదు. చేప ఏ దేవుడి అవతారమో చెప్పలేదు. హెచ్చరిక చేశాడు, కానీ హెచ్చరిక కంటే ముందు ప్రశ్న అడిగాడు. ఆ ప్రశ్న చేప గురించి కూడా కాదు, పిల్లల సొంత ఒంటి గురించి. నీకు ముల్లు గుచ్చుకుంటే ఎట్లా ఉంటుంది? ఆ ఎరుక నుంచి చేప నోట్లో గాలం దాకా పిల్లవాడు తనంతట తానే నడిచి రావాలి. మొదటి శీలం పుట్టేది అక్కడే.

అవసరం వేరు, కోరిక వేరు

బాబాసాహెబ్ "బుద్ధుడు-ఆయన ధమ్మం"లో అహింస గురించి రాస్తూ సూత్రానికీ నియమానికీ తేడా చూపించాడు. నియమం మనిషిని కట్టేస్తుంది, సూత్రం మాత్రం ఆలోచించుకునే చోటు ఇస్తుంది. అహింస ఒక సూత్రం. చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు అని ఆయన విడదీశాడు. బుద్ధుడు ఖండించింది అవసరం లేని చోట చంపాలనే కోరికను అన్నది ఆయన వివరణ. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో 13వది సకల జీవుల పట్ల కరుణతో ఉంటాను, వాటిని కాపాడతాను అనేదే.

ఈ తేడాను చెరువు దగ్గరికి తీసుకుపోదాం. కూలి దొరకని రోజుల్లో నాలుగు చేపలు ఆ ఇంటికి కూర. బడి పిల్లల ఒంటికి బలం. అక్కడ అవసరం కనిపిస్తుంది. కానీ నాలుగు చాలిన ఇంటికి నలభై పట్టి, తినలేక గట్టు మీద పారేస్తే అది కోరిక. చేప గిలగిలా కొట్టుకుంటుంటే సెల్‌ఫోన్‌లో వీడియో తీసి నవ్వుకుంటే అది కోరికలోనూ మురికి కోరిక. "ఎన్ని పట్టొచ్చు" అనే ప్రశ్న అందుకే ధమ్మ ప్రశ్న. అవసరం ఎక్కడ ఆగిందో, కోరిక ఎక్కడ మొదలైందో చెప్పే గీత ఆ లెక్కే.

అశోకుడి శాసనం, నేటి చట్టం

పరిమితి అనేది కొత్తగా వచ్చింది కాదు. అశోక చక్రవర్తి తన పట్టాభిషేకం అయిన 26 ఏళ్ళకు వేయించిన ఐదో స్తంభ శాసనంలో చంపకూడని జీవుల జాబితా ఉంది, అందులో కొన్ని రకాల చేపలూ ఉన్నాయి. పౌర్ణమి, ఉపోసథం లాంటి కొన్ని ప్రత్యేక దినాల్లో చేపల్ని చంపకూడదు, అమ్మకూడదు అన్నాడు. చూలుతో ఉన్న, పాలిచ్చే మేకల్నీ గొర్రెల్నీ పందుల్నీ, ఆరు నెలలు నిండని వాటి పిల్లల్నీ చంపొద్దన్నాడు. రాజ్యంలో అందరూ ఒక్కసారిగా మాంసం మానేయాలని ఆయన అనలేదు. ఎప్పుడు ఆగాలో, దేన్ని వదలాలో చెప్పాడు. రెండు వేల రెండు వందల ఏళ్ళ కిందటే ధమ్మం రాతి మీద గీసిన గీత అది.

ఇప్పుడు మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మర పడవలు, మోటారు పడవల వేట ఆపేస్తారు. చేపలు గుడ్లు పెట్టి పెరిగే కాలం కావడమే కారణం. నీళ్ళలో మందుపాతర పేల్చి గానీ, విషం కలిపి గానీ చేపల్ని చంపడం నేరమని 1897 నాటి మత్స్య చట్టమే చెప్తుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో 16 ఏళ్ళ లోపు పిల్లలకు గాలం వేయడానికి లైసెన్సు అక్కర్లేదు. కానీ రోజుకు ఇన్నే పట్టాలి, ఇంత సైజుకు తక్కువుంటే వదిలేయాలి అనే లెక్క మాత్రం పిల్లలకూ వర్తిస్తుంది. అక్కడ స్థిరపడిన మనవాళ్ళు పిల్లల్ని చెరువుకు తీసుకుపోయే ముందు ఈ లెక్క చూసుకోవాల్సిందే. ఇందులో ఒక న్యాయం ఉంది. పట్టేవాడు చిన్నవాడైతే కాగితం దగ్గర సడలింపు ఇవ్వొచ్చు. పట్టేవాడు చిన్నవాడైనంత మాత్రాన చేప ప్రాణం చిన్నదైపోదు.

చెరువు మనకు ఊరికే రాలేదు

చెరువు మన పిల్లలకు ఆటస్థలంగా కనిపిస్తుంది. మన ముందు తరాలకు అది ఇనప గోడ. 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు దోసిట్లోకి తీసుకోవడానికి బాబాసాహెబ్ వేల మందిని నడిపించాల్సి వచ్చింది. మన దగ్గర 1985 జూలైలో కారంచేడు మారణకాండకు దారితీసిన గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గరే. ఆ నీళ్ళలో కాలు పెట్టే హక్కు కోసం మనుషులు ప్రాణాలు ఇచ్చారు. ఈ సంగతి తెలిసిన పిల్లవాడు చెరువును పాడుచేయడు. నీటి మీద పెత్తనం చేసిన వాళ్ళు "ఈ నీళ్ళు నావి, ఇందులో ఉన్నదంతా నాది" అన్నారు. చెరువులో దిగిన మన బిడ్డ కూడా అదే మాట అంటే పెత్తనం చేతులు మారినట్టే, పోయినట్టు కాదు.

పిల్లలకు నేర్పాల్సిన ఆరు మాటలు

1. ముందు నీ ప్రాణం. కరుణ చూపాల్సిన మొదటి జీవి పిల్లవాడే. పెద్దవాళ్ళు, అందులోనూ ఈత వచ్చినవాళ్ళు, గట్టు మీద లేకుండా ఏ బిడ్డా నీళ్ళ దగ్గరికి పోకూడదు. మట్టి తవ్విన గుంతలు, క్వారీ గుంతల్లో లోతు పైకి కనిపించదు.

2. ఆటకు వద్దు. ఇంట్లో తినేవాళ్ళు లేకపోతే గాలం నీళ్ళలో పడకూడదు.

3. పోయే ముందే లెక్క. "అమ్మా, ఇవాళ కూరకు ఎన్ని కావాలి?" అని అడిగి బయల్దేరాలి. ఆ లెక్క నిండగానే గాలం చుట్టేయాలి. ఒక్కటీ పడని రోజు ఈ మాట పాటించడం తేలికే. వేసిందల్లా పడే రోజున ఆగడమే శీలం.

4. పిల్ల చేపను, తల్లి చేపను వదిలేయ్. బొచ్చె, కొర్రమీను లాంటి పెరిగే చేపలు అరచేతికన్నా చిన్నగా ఉంటే నీళ్ళలోకి వదలాలి. చేయి తడి చేసుకుని పట్టుకుంటే దాని ఒంటి మీది జిగురు పోదు, బతుకుతుంది. తొలకరి వానలకు చేపలు గుడ్లతో ఎదురెక్కే కాలంలో వాగు అడ్డంగా కట్టి పట్టకూడదు. ఎర్రెర్రటి కొర్రమీను పిల్లలు గుంపుగా నీటి పైకి వస్తుంటే కింద వాటి తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఆ పెద్ద చేపను గాలానికి తీస్తే పిల్లలన్నీ వేరే చేపల నోట్లో పడతాయి. కాపలా ఉన్న తల్లిని పట్టకు అని చెప్తే ఏ బిడ్డకైనా అర్థమవుతుంది.

5. విషం వద్దు, కరెంటు వద్దు, మందుగుండు వద్దు. వాటికి పెద్దా చిన్నా తేడా తెలియదు. కప్పా పామూ కూడా చస్తాయి, ఒక్కోసారి వేసిన మనిషే చస్తాడు. పట్టిన చేపను కూడా ఒడ్డున కొట్టుకుంటూ ఎండలో వదిలేయకూడదు. పెద్దవాళ్ళు వెంటనే దాని బాధ ముగించాలి.

6. అడిగి పట్టు. చాలా చెరువుల్లో మత్స్యకార సంఘాలు పిల్లలు వదిలి పెంచుకుంటాయి. అది వాళ్ళ కష్టం. అడగకుండా తీస్తే రెండో శీలం కూడా పోతుంది. అందరి చెరువులో మన బిడ్డను మాత్రం కులం పేరుతో తరిమితే ఆ సంగతి వేరు. అప్పుడు పిల్లల్ని ముందు పెట్టకుండా పెద్దలమే నిలబడాలి. ఉమ్మడి నీటి వనరుల దగ్గర మనల్ని అడ్డుకోవడం 1989 అట్రాసిటీ నిరోధక చట్టం కింద నేరం.

ఎట్లా నేర్పాలి?

బుద్ధుడు తన కొడుకు రాహులుడికి చిన్నతనంలోనే ఒక పద్ధతి చెప్పాడు. అద్దంలో ముఖం చూసుకున్నట్టు చేసే పనిని చూసుకోమన్నాడు. చేసే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక మూడుసార్లు చూడమన్నాడు: దీనివల్ల నాకు గానీ ఇంకొకరికి గానీ బాధ కలుగుతుందా అని. ఇదే మన పిల్లలకు చాలు. పోయే ముందు అడగండి, ఎందుకు పోతున్నావు అని. వచ్చాక అడగండి, ఎన్ని పడ్డాయి, ఎన్ని వదిలావు అని. పట్టినవాటికి మెచ్చుకునేది అందరూ చేసేదే. వదిలినవాటికి మెచ్చుకోండి. లెక్క తప్పితే కొట్టకండి. కొడితే వాడు శీలం నేర్చుకోడు, దాచడం నేర్చుకుంటాడు. నలుగురిలోనూ చాటుగానూ అని బుద్ధుడు రెండూ కలిపి చెప్పింది ఇందుకే.

ఇక పెద్దలకు ఒక మాట. కొడుక్కి ఐదు చేపలు చాలని చెప్పి, రాత్రికి నాన్న కరెంటు తీగ వేస్తే ఈ కరపత్రం చింపి పారేయొచ్చు.

ఈ పరిమితి గమ్యం కాదు, మెట్టు మాత్రమే. శిక్షాపదం అంటే అర్థం అదే, అభ్యాసం చేస్తూ ఎక్కే మెట్టు. ఈ మెట్టు మీద నిలబడిన పిల్లల్లో ఎవరో ఒకరు ఏదో ఒక రోజు గాలం పక్కన పెట్టి "నాకొద్దు, దానికి నొప్పి" అంటారు. అప్పుడు "ఏరా, పంతులు అయ్యావా?" అని వెక్కిరించకండి. శ్రావస్తి దారిలో అడిగిన ప్రశ్నకు ఆ బిడ్డ జవాబు చెప్తోంది. మన ఇంట్లో కూర కుండ ఎప్పటిలాగే ఉండొచ్చు. ఆ బిడ్డ మాటకు మాత్రం చోటు ఇవ్వాలి.

వచ్చే పౌర్ణమి వందనంలో ఈ ఆరు మాటలు పిల్లల చేతే చెప్పించండి. వాళ్ళకు నచ్చనిది ఉంటే వాదించనివ్వండి, ఏడోది వాళ్ళనే చేర్చమనండి. వందనం అయ్యాక అందరం కలిసి చెరువు దాకా నడిచి, గట్టు మీద పడి ఉన్న తెగిన వల ముక్కలు, ప్లాస్టిక్ దారాలు ఏరేద్దాం. చేపలు, కొంగలు వాటిలో చిక్కుకుని చస్తున్నాయి. ఆ పనికి లైసెన్సు అక్కర్లేదు, పరిమితీ లేదు.

భవతు సబ్బ మంగళం.