వంకలో రాయి పెట్టే ముందు ఎవరిని అడగాలి?

పారే వంకకు అడ్డంగా రాళ్ళు పేర్చడం మంచి పనా, చెడ్డ పనా? ఈ ప్రశ్న అడిగితే మా తరగతిలో అందరూ నవ్వారు. నీటిని కాపాడాలని ఐదో తరగతి నుంచీ చదువుతూనే ఉన్నాము కదా, ఇందులో ఆలోచించేది ఏముంది అన్నారు. కానీ అదే పని పక్క రాష్ట్రం వాళ్ళు చేస్తే మా ఊళ్ళో దానికి పెట్టే పేరు వేరు. ‘నీళ్ళ దొంగతనం’ అంటారు. ఒకే పని మనం చేస్తే పుణ్యం, ఇంకొకరు చేస్తే దొంగతనం ఎట్లా అవుతుంది? ఈ వ్యాసంలో నేను దాని గురించే రాస్తాను.

మాది తమిళనాడులో వాణియంబాడి పక్కన ఒక పల్లె. మా ఊరి వంక పాలారులో కలుస్తుంది. పాలారు కర్ణాటకలో నంది కొండల వైపు పుట్టి, అక్కడ 93 కిలోమీటర్లు, ఆంధ్రప్రదేశ్‌లో 33 కిలోమీటర్లు, తమిళనాడులో 222 కిలోమీటర్లు పోయి వాయలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో కనిపించేది ఇసుకే. పాలారు ఇసుక కింద పారుతుందని మా పెద్దవాళ్ళు చెప్తారు.

పోయిన సెప్టెంబరులో, ఈశాన్య వానలు రాకముందే, మా బడి పిల్లలకు మూడు రోజులు వంక బాగుచేసే శిక్షణ ఇచ్చారు. తక్కువ ఖర్చుతో, చేతులతోనే చేసే పని. సిమెంటు లేదు, జేసీబీ లేదు. గడ్డపారలు, పారలు, గంపలు, పాత యూరియా గోతాలు, మేస్త్రీలు మట్టం చూసుకునే నీళ్ళ గొట్టం, అంతే. నేర్పించిన అక్క మొదటి రోజు మమ్మల్ని ఒక్క రాయి కూడా ముట్టనివ్వలేదు. పొద్దున్నుంచీ సాయంత్రం వరకూ వంక వెంబడి పైకీ కిందికీ నడిపించింది. నీళ్ళు ఎక్కడ గట్టును కోస్తున్నాయి, ఎక్కడ గండి పడి పైపైకి పాకుతున్నది, ఎక్కడ ఒండ్రు నిలిచి గడ్డి మొలిచింది, అన్నీ చూడమన్నది. గడ్డి మొలిచిన చోటు చూపించి, ‘‘ఇక్కడ వంక తన పని తనే చేసుకుంటా ఉంది, మనం పోయి చెడపకూడదు’’ అన్నది.

రెండో రోజు రాళ్ళ కట్ట. రాళ్ళు పేర్చడం చూసేదానికి సులభంగా ఉంటుంది గానీ అందులో చాలా లెక్క ఉంది. ముందు అడ్డంగా ఒక అడుగు లోతు కాలువ తవ్వి, పెద్ద రాళ్ళను అందులో కూర్చోబెట్టాలి. రెండు పక్కలా గట్టులోకి కూడా చొప్పించాలి. లేకపోతే నీళ్ళు పక్కనుంచి దారి చేసుకుని గట్టునే తినేస్తాయి. కట్ట నడుమ పల్లంగా, పక్కలు ఎత్తుగా ఉండాలి, అప్పుడే నీళ్ళు నడిమి నుంచి పోతాయి. నీళ్ళు దూకే చోట కింద రాళ్ళు పరచాలి, లేకుంటే అక్కడ గుంట పడి కట్టే కూలుతుంది. ఎత్తు మోకాలి కంటే ఎక్కువ వద్దు. కింది కట్ట తల, పై కట్ట పాదం ఒకే మట్టంలో ఉండేట్టు నీళ్ళ గొట్టంతో చూసుకోవాలి. రాళ్ళు చేల గట్ల నుంచే తెచ్చాము. వంక అడుగున ఉన్నవి తీస్తే దాని చర్మం వలిచినట్టే అని అక్క చెప్పింది.

మూడో రోజు వావిలి కొమ్మలు. బొటనవేలంత లావు పచ్చి కొమ్మలు నరికి, మొగ్గ పైకి ఉండేట్టు, మూడు వంతుల్లో రెండు వంతులు నేలలోకి దిగ్గొట్టి, వాటి నడుమ కంప అల్లాము. తడి తగిలితే ఆ కొమ్మలే చిగురిస్తాయి, వేర్లు గట్టును పట్టుకుంటాయి. గట్టు పైన కానుగ, నేరేడు, మద్ది మొక్కలు, వాలులో వట్టివేరు. (సర్కారు తుమ్మ దానంతట అదే వస్తుంది, దానికి మా సాయం అక్కరలేదు.)

రెండో రోజు సాయంత్రం, మూడో కట్ట మీద రాళ్ళు సర్దుతుంటే, కింద టెంకాయ తోట ఉన్న తాత వచ్చి నిలబడ్డాడు. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘‘ఏమ్మా, ఈ రాళ్ళు ఎవుర్ని అడిగి పెడతా ఉండారు? నా బావికి వచ్చే నీళ్ళు ఇవి’’ అన్నాడు.

మా అయ్యవారు ఆయనకు ఓపికగా చెప్పారు. ఇది ఆనకట్ట కాదు తాతా, నీళ్ళు ఆపము, నిదానం చేస్తాము, అంతే. ఇప్పుడు వాన పడితే నీళ్ళు ఒక పూటలో పరిగెత్తిపోతున్నాయి, పోతూ పోతూ మన్ను కూడా తీసుకుపోయి చెరువు పూడుస్తున్నాయి. రాళ్ళ సందుల్లో నుంచి నిదానంగా పోతే నేలలోకి ఇంకుతాయి, నీ బావికీ ఊట వస్తుంది. నేను ఈ జవాబును ఒప్పుకుంటాను. ఆపడం వేరు, నిదానం చేయడం వేరు.

కానీ తాత ఒప్పుకోలేదు. ‘‘ఇంకిన నీళ్ళు నా దగ్గరికే వస్తాయని ఎట్లా చెప్తావు సామీ? నడాన నాలుగు బోర్లు ఉండాయి కదా’’ అన్నాడు. దీనికి అయ్యవారు వెంటనే జవాబు చెప్పలేదు. నాకు చూస్తే ఆ మూడు రోజుల్లో అందరికంటే పెద్ద పాఠం చెప్పింది ఆ తాతే. కట్టలో దోషం ఉండకపోవచ్చు. కట్ట ఇంకించిన నీళ్ళను పైనున్న మోటార్లు రాత్రీ పగలూ తోడేస్తే, కిందివాడికి మిగిలేది ఏమిటి? వానలు తక్కువగా ఉండే సీమలో ఎగువన కట్టలు ఎక్కువైతే దిగువ చెరువులకు నీళ్ళు తగ్గుతాయి. కాబట్టి రాళ్ళ కట్ట మంచిదా చెడ్డదా అని రాళ్ళను చూసి చెప్పలేము. ఆ తర్వాత పక్కవాళ్ళు ఏం చేస్తారో చూసి చెప్పాలి.

ఈ సంగతి మా మామకు చెప్పాను. అమ్మ పుట్టిల్లు కుప్పం వైపు, పాలారుకు దగ్గరే. పుల్లూరు దగ్గర ఆంధ్రావాళ్ళు పాలారు మీద గట్టు ఎత్తు పెంచారని 2016లో తమిళనాడు ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. అప్పటి నుంచీ పండక్కి పోయినప్పుడల్లా మా నాన్నకూ మామకూ ఇదే వాదన. మామ నా మాట విని పెద్దగా నవ్వి, ‘‘ఏం పాపా, మీరు రాళ్ళు పెడితే శిక్షణ, మేము పెడితే దొంగతనమా?’’ అన్నాడు. 33 కిలోమీటర్లు మా నేల మీద పోయే ఏటిలో నుంచి మేము ఒక కుండ కూడా ముంచుకోకూడదా అని అడిగాడు.

మామ మాటలో న్యాయం లేదని నేను అనలేను. ఆయనకు పైన కూడా మనుషులు ఉన్నారు. కోలారు జిల్లాలో బేతమంగళం చెరువు పాలారు మీదే ఉంది, కోలారు బంగారు గనులకు నీళ్ళు అక్కడి నుంచే పోయేవి. 1892లోనే మైసూరుకూ మద్రాసుకూ ఒక ఒప్పందం జరిగింది. దిగువన ఉన్న మద్రాసు ఒప్పుకోకుండా మైసూరు కొన్ని నదుల మీద కొత్త కట్టలు కట్టకూడదని అందులో ఉంది, ఆ నదుల్లో పాలారు ఒకటి. అప్పుడు మామ ఊరూ మా ఊరూ రెండూ మద్రాసులోనివే, 1953లో ఆంధ్ర వచ్చిందాకా అంతే. అంటే అప్పుడు మామ కూడా ‘దిగువ వాడే’! గీత మారితే మనిషి ఎగువకు పోతాడు, న్యాయం కూడా మారిపోతుందా?

ఇంకో మాట కూడా చెప్పాలి, మా ఊళ్ళో ఇది చాలామందికి నచ్చదు. పైవాళ్ళు నీళ్ళు ఆపారని అరుస్తాము సరే, మనం కిందికి ఏం పంపాము? వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట తోళ్ళ కార్ఖానాల మురికి పాలారులో కలుస్తున్నదని కేసు నడిచి, 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కలుషితం చేసినవాళ్ళే దానికి డబ్బు కట్టాలని చెప్పింది. నీళ్ళు తీసుకోవడం తప్పయితే పాడుచేసి పంపడం ఇంకా పెద్ద తప్పు.

రాజస్థాన్‌లో అల్వర్ జిల్లా అర్వరీ నది సంగతి శిక్షణలో విన్నాము. 1980ల నుంచి పల్లెవాళ్ళు మట్టితో, రాళ్ళతో చిన్న చిన్న జోహడ్‌లు కట్టుకుంటూ వస్తే 1995 నాటికి ఎండిన నది ఏడాది పొడుగునా పారింది. అందరూ ఇక్కడికి చప్పట్లు కొడతారు. నాకు నచ్చింది దాని తర్వాత కథ. నీళ్ళు రాగానే ప్రభుత్వం చేపలు పట్టేదానికి కాంట్రాక్టు ఇచ్చింది. నది ఎండినప్పుడు రాని యజమాని, పారినప్పుడు వచ్చాడు! ఊళ్ళు ఎదిరించి దాన్ని ఆపుకున్నాయి. తర్వాత 72 ఊళ్ళు కలిసి ‘అర్వరీ సంసద్’ అని ఒక సభ పెట్టుకుని, చెరకు లాంటి నీళ్ళు ఎక్కువ తాగే పంటలు వద్దని నియమాలు పెట్టుకున్నాయి. నది వచ్చినాక కూడా మాట్లాడుకోవలసింది మిగిలే ఉందని వాళ్ళకు అర్థమైంది.

నా స్నేహితురాలు దీనికి అడ్డం చెప్పింది. కిందివాళ్ళందరినీ అడగాలంటే సముద్రం దాకా పోవాలి, అప్పుడు ఒక్క రాయి కూడా పెట్టలేము అన్నది. నిజమే. కానీ మోకాలెత్తు కట్టకు సముద్రం దాకా పోనక్కరలేదు, దాని తేడా ఎవరి బావిలో తెలుస్తుందో వాళ్ళ దాకా పోతే చాలు. ఇంకొకటి కూడా ఉంది. ఖర్చు తక్కువ కాబట్టి బీద ఊళ్ళు కూడా చేసుకోవచ్చని అక్క చెప్పింది. నా లెక్కలో ఈ పని గొప్ప అది కాదు. కిందివాడు వచ్చి కాదంటే ఒక పూటలో చేత్తో తీసేయవచ్చు. సిమెంటు గోడ కట్టాక కిందివాడికి మిగిలేది కోర్టు ఒక్కటే. రాళ్ళ కట్టకైతే ఆ తాత పక్కన నిలబడి ‘కొంచెం దించండి’ అనవచ్చు.

ఇదే మామకు చెప్తే ఒప్పుకోలేదు. ‘‘పాలారుకు వదులు రాళ్ళు పెడితే ఒక్క రాత్రి నిలబడతాయా? 2021 నవంబరులో చూడలేదా ఎట్లా పారిందో’’ అన్నాడు. పెద్ద ఏటికి నా మాట సరిపోదు, అది నాకు తెలుసు. అక్కడ చేత్తో తీసేసే కట్ట కట్టలేరు. అందుకే అక్కడ కట్టక ముందే అడగవలసిన అవసరం ఇంకా ఎక్కువ అని నేను అంటాను. మామ దీనికి ‘‘మమ్మల్ని కోలారువాళ్ళు అడిగారా?’’ అంటాడు. మాటలు అక్కడే తిరుగుతున్నాయి.

మా వంకలో మొత్తం ఐదు కట్టలు అనుకున్నాము. తాత చెప్పాడని మూడో కట్ట నడుమ ఒక వరస రాళ్ళు తీసి పల్లం చేశాము. వానలకు రెండో కట్టలో నాలుగు రాళ్ళు జారాయి, మళ్ళీ సర్దాము. మొదటి కట్ట వెనక జానెడు ఒండ్రు నిలిచింది, వావిలి చిగురించింది. తాత బావిలో నీళ్ళు పెరిగాయా అని అడిగితే, ‘‘ఈ ఏడు వాన బాగుంది, రాళ్ళ వల్లా వాన వల్లా ఎట్లా తెలుస్తుంది? ఎండాకాలం రానీ’’ అన్నాడు. నాలుగు, ఐదు కట్టలకు తెచ్చిన రాళ్ళు గట్టు మీద కుప్పగా ఉన్నాయి. బోర్లు ఉన్న నలుగురినీ, తాతనూ ఒకచోట కూర్చోబెట్టి, మోటారు ఎన్ని గంటలు వేయాలో మాట్లాడిన తర్వాతే వాటిని పెడదామని అయ్యవారు అన్నారు. నలుగురిలో ఇద్దరు వస్తామన్నారు.