చూసేవారి నాలుక

ఏటా ఆగస్టు మాసంలో హైదరాబాదు నగరంలో మారథాన్ జరుగుతుంది. ఇటీవలి సంవత్సరాలలో పూర్తి పరుగు నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తోంది. దూరం 42.195 కిలోమీటర్లు. పరుగెత్తేవారి సంగతి సరే, దారి పక్కన నిలబడి చూసేవారి మాటేమిటి? వారిది ఉత్త కాలక్షేపమేనా? దానికి పుణ్యపాపాలతో సంబంధం ఉందా?

చూడటమే దోషమని కొందరు ధర్మపరులు ముఖం చిట్లిస్తారు. అది సరికాదు. పండుగనాడు మస్జిదె నబవీలో హబషీలు బల్లేలతో ఆడుతుంటే హజ్రత్ ఆయిషా (రజి) చూశారు. ఆమెకు తనివితీరే వరకు దైవప్రవక్త ముహమ్మద్ (స) ఓపికగా ఆమెకు మరుగుగా నిలబడ్డారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. ఆయన (స) స్వయంగా ఆమెతో పరుగు పందెం కూడా వేశారు. ఒకసారి ఆమె గెలిచారు, కొంతకాలం తర్వాత ఆయన గెలిచారు. ఇక ఫజ్ర్ నమాజు పోగొట్టుకుని, చూపును అదుపులో పెట్టుకోకుండా రోడ్డు పక్కన నిలబడేవారి సంగతి వేరు.

మేము అక్కడ గమనించిన విషయం మరొకటి ఉంది. ముందు వరుసవారు కళ్ళ ముందు మెరుపులా వెళ్ళిపోతారు. వారికి చప్పట్ల అవసరం కూడా ఉన్నట్టు కనబడదు. ఎండ ఎక్కిన తర్వాత అసలువారు వస్తారు. నెరిసిన గడ్డాలవారు, బరువైన శరీరాలవారు, పిక్క పట్టేసి కుంటుతున్నవారు. వంతెన ఎక్కడానికి ఒక్కో అడుగూ లెక్కపెట్టుకునే వీరికే దారి పక్కనున్నవారు ఎక్కువ చప్పట్లు కొడతారు. "ఇప్పుడా రావడం?" అని అడిగినవారు మాకు కనబడలేదు. కొందరు "ఇంకా కొంచెమే" అంటారు. పది కిలోమీటర్లు మిగిలి ఉండగా ఆ మాట అనడం అబద్ధం కాదా అని ఒక విద్యార్థి మమ్మల్ని అడిగాడు. "బాగా వస్తున్నారు" అంటే సరిపోతుందిగా, అది నిజం కూడాను.

ఇప్పుడు మన మస్జిదుల వైపు చూద్దాం. యాభై ఏళ్ళు దాటిన ఒక ఆటో డ్రైవరు నూరానీ ఖాయిదా పట్టుకుని పిల్లల మధ్య కూర్చుంటాడు. వుజూ చేసుకునే చోట నలుగురు నవ్వుతారు. "ఇన్నాళ్ళకు గుర్తొచ్చిందా?" అంటారు. కోస్తా పల్లె నుంచి వచ్చిన యువకుడు తెలుగు అనువాదం తెరిస్తే "ఉర్దూ రాని ముసల్మానా?" అంటారు. ఉర్దూ మదర్సాలలో చదువుకున్న మా వర్గంలోనే ఈ వెక్కిరింత ఎక్కువ. ఏ భాషలో చదివి అల్లాహ్ ఆజ్ఞను గ్రహిస్తే ఏమిటట? మరుసటి వారం ఆ యువకుడు రాడు. అతను ఎందుకు రాలేదో ఎవరూ విచారించరు.

దైవప్రవక్త (స) సన్నిధికి మద్యం సేవించిన వ్యక్తిని తీసుకువచ్చారు. ఆయన ఆజ్ఞపై అతనికి శిక్ష అమలైంది. అతను వెళ్ళిపోతుండగా చూస్తున్నవారిలో ఒకరు అల్లాహ్ నిన్ను అవమానపరచుగాక అన్నారు. ఆయన (స) వెంటనే వారించారు, ఇతని విషయంలో షైతానుకు సహాయపడవద్దన్నారు. శిక్ష పడవలసిన నేరస్థుని విషయంలోనే ప్రేక్షకుల నాలుకకు ఇంత కట్టడి ఉంటే, ఖాయిదా పట్టుకుని వచ్చినవాని విషయంలో ఎంత ఉండాలి? తడబడుతూ, కష్టపడుతూ ఖుర్ఆన్ పారాయణం చేసేవానికి రెండింతల పుణ్యమని హదీసు. మనం ఎవరిని చూసి నవ్వుతున్నామో కాస్త ఆలోచించాలి.

ఆ ఆటో డ్రైవరు పక్కన కూర్చునే ఏడెనిమిదేళ్ళ పిల్లలు మాత్రం నవ్వడం మేము చూడలేదు. ఆయన 'ఐన్'ను 'అలిఫ్'లా పలికితే ఆపి, గొంతు దగ్గర వేలు పెట్టి చూపిస్తారు. ఆయన మళ్ళీ పలుకుతాడు.